కాలేజీ కబడ్డీ టీముకి కొత్తగా రైడింగ్ కోచ్ అయ్యారా? మొదటి సీజన్ ఇలా నడపండి

పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు పిలిచి "డిఫెన్స్ నేను చూసుకుంటా, రైడర్ల సంగతి నువ్వు చూడు" అన్నారంటే మీరు రైడింగ్ కోచ్ అయిపోయినట్టే. ఆర్డరు కాయితం ఉండదు, జీతం ఊసెత్తకూడదు, పాత ప్లేయర్ కదా అన్న అభిమానంతో అప్పజెప్పే పని ఇది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కి ఇదే పని చేసే మనిషిని అఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు, పెద్ద కాలేజీలైతే లక్షల డాలర్లు పోసి తెచ్చుకుంటాయి. హెడ్ కోచ్ వేరే ఉంటాడు, పాయింట్లు తెచ్చే ఎత్తులన్నీ ఇతనివి. మనకి డాలర్లు లేవు గానీ బాధ్యత అదే, తిట్లూ అవే. టీము గెలిస్తే కుర్రాళ్ళు ఇరగదీశారంటారు, ఓడితే కొత్తగా వచ్చినాయన ఏదో కెలికాడంటారు.

ముందుగా చెప్పేది ఒకటే. మొదటి సీజన్‌లో కుర్రాళ్ళకి కొత్త కూతలు (రైడ్ పద్ధతులు) నేర్పడానికి ప్రయత్నించకండి. మీరు ఆడే రోజుల్లో మీ బ్యాక్ కిక్‌కి తెనాలి నుంచి గుడివాడ దాకా పేరుండొచ్చు, అది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ రైడర్ కాళ్ళకి అలవాటైపోయిన పద్ధతి ఒకటి ఉంటుంది, నాలుగైదు నెలల్లో దాన్ని మార్చబోతే పాతదీ పోతుంది, కొత్తదీ రాదు. మీరు మార్చగలిగేది ఎవరు ఎప్పుడు కూతకెళ్ళాలి, వెళ్ళినవాడు ఏం తేవాలి, ఎప్పుడు ఏమీ తేకుండా వెనక్కి రావాలి అన్నది. నేను చూసిన కాలేజీ టీముల్లో ఎక్కువ పాయింట్లు పోయేది ఇక్కడే. ఆట రాక ఓడిపోయేవాళ్ళకంటే వరస తెలియక ఓడిపోయేవాళ్ళే ఎక్కువ.

మొదటి వారం, పది రోజులు నోరు కట్టుకుని చూడండి

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ప్రతి కూతకీ ఒక వరస రాయండి: స్కోరెంత, ఎదుటి కోర్టులో ఎంతమంది ఉన్నారు, మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఎవరు వెళ్ళాడు, ఏ వైపు నుంచి మొదలెట్టాడు, ఏం తెచ్చాడు. ఏమీ తేకపోతే సున్నా, పట్టేస్తే అడ్డగీత. ఫోన్‌లో వీడియో తియ్యండి గానీ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. కోర్టు వెనకాల మెట్ల మీద కాస్త ఎత్తులో పెడితే డిఫెన్స్‌లో చివర్ల నిలబడే కార్నర్లు, మధ్యవైపు ఉండే కవర్లు ఎలా కదులుతున్నారో కనిపిస్తుంది. బోనస్ గీత (ఎదుటి కోర్టులో అదనపు పాయింటు కోసం దాటే గీత) దాటిన కాలు కనపడాలంటే మాత్రం ఆ గీతకి సూటిగా పక్కన ఉండాలి. ఒక్క ఫోనే ఉంటే వెనకాల పెట్టండి, బోనస్ గొడవలు తర్వాత తేల్చుకోవచ్చు. "నేను టచ్ చేశా అన్నా, అంపైర్ ఇవ్వలేదు" అనే కథలు రోజూ వింటారు, వినండి, పుస్తకంలో మాత్రం జరిగిందే రాయండి.

నాలుగు ప్రాక్టీస్ మ్యాచ్‌లు రాసేసరికి మీకే కనిపిస్తుంది. ప్రతి టీములోనూ ఒక స్టార్ ఉంటాడు, కూతల్లో సగానికి పైగా వాడే వెళ్తాడు, వాడు కోర్టులో ఉన్నంతసేపూ స్కోరు నడుస్తుంది, వాడు అవుటైన క్షణం నుంచి మిగతావాళ్ళు పెళ్ళివారింట్లో కరెంటు పోయినట్టు నిలబడిపోతారు. ఆ అయిదు నిమిషాల్లోనే ఆలౌట్ అయిపోతుంది. పుస్తకంలో స్టార్ బయట కూర్చున్న వరసలన్నీ ఎర్ర పెన్నుతో గీసి పీడీ గారికి చూపించండి, మాటలతో వాదించే పని తప్పుతుంది.

లెక్క నేర్పండి, ముందు మీరు నేర్చుకోండి

ఒక కూతకి 30 సెకన్లు. సగానికి 20 నిమిషాల చొప్పున 40 నిమిషాల ఆటలో రెండు జట్లకీ కలిపి 80 కూతలు, అంటే మీ వంతు దాదాపు 40. కూతలు తొందరగా ముగిస్తే ఇంకొన్ని వస్తాయి. ఈ నలభైని ఎలా ఖర్చుపెట్టాలన్నదే మీ ఉద్యోగం.

పట్టుబడిన కూతకి వెల ఎంతో కుర్రాళ్ళకి సరిగా తెలియదు. ఎదుటివాళ్ళకి ఒక పాయింటు వస్తుంది, వాళ్ళ వైపు అవుటైన ఒకడు లోపలికొస్తాడు, మనవాడు బయట కూర్చుంటాడు. అవుటైనవాళ్ళు అవుటైన వరసలోనే లోపలికొస్తారు కాబట్టి మీ స్టార్ మూడోవాడిగా బయటికెళ్తే వాడు తిరిగి రావడానికి మనం ముగ్గుర్ని అవుట్ చెయ్యాలి. ఏమీ తేని ఖాళీ కూతకైతే వెల లేదు. గ్యాలరీలో ఫ్రెండ్స్ ఈలలేస్తారు, అంతే. అందుకని ఖాళీగా రావడం తప్పు కాదని మొదటి రోజే గట్టిగా చెప్పండి, అలా తిరిగొచ్చినవాడి భుజం తట్టండి. ఎదుటి కోర్టులో అడ్డంగా ఉండే బాక్ లైన్ మాత్రం దాటి రావాలి, ఎవర్నీ ముట్టుకోకుండా, అదీ దాటకుండా వస్తే అవుటే. మగపిల్లల కోర్టులో ఆ గీత మధ్య గీతకి 3.75 మీటర్లు, బోనస్ గీత ఇంకో మీటరు లోపల. ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 వెడల్పు, అక్కడ బాక్ లైన్ 3 మీటర్లకే వస్తుంది. రెండు టీములూ మీ నెత్తినే పడితే, పడతాయి కూడా, ప్రాక్టీస్‌కి సున్నం గీతలు ఎవరి కొలతలతో వాళ్ళకి వేరుగా వెయ్యండి. మగపిల్లల గీతల మీద సాధన చేసిన అమ్మాయి మ్యాచ్‌లో అవసరానికి మించి లోపలికెళ్ళి దొరికిపోతుంది.

డూ ఆర్ డై నియమం మీ టోర్నమెంట్‌లో ఉందో లేదో సర్క్యులర్‌లో చూసుకోండి. ఉంటే వరసగా రెండు ఖాళీ కూతల తర్వాత మూడోదానికి పాయింటు తేవాల్సిందే, తేకపోతే వెళ్ళినవాడు అవుట్. చాలామంది దీన్ని గండంలా చూస్తారు, నేనైతే టైమ్‌టేబుల్‌లా చూడమంటాను. మొదటి కూత ఎదుటివాళ్ళ కార్నర్ ఎటు ఊగుతున్నాడో చూసి రావడానికి. రెండోది అవతలి వైపు నుంచి మొదలెట్టే రైడర్‌ని పంపి వాళ్ళ కవర్లని కదిలించడానికి. మూడోదానికి ఎవరు వెళ్ళాలో ముందే తేలి ఉండాలి, అప్పటికప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. ఆ మూడోవాడు ప్రతిసారీ స్టార్ కానక్కర్లేదు. ఎదుట ఏడుగురూ ఉన్నప్పుడు వాళ్ళు వేటకి రెడీగా ఉంటారు, అప్పుడు మీ రెండో రైడర్ వెళ్ళి అవుటైనా నష్టం తక్కువ, స్టార్ మిగులుతాడు. ఎదుట నలుగురో అయిదుగురో ఉండి మధ్యలో సందులు దొరికినప్పుడు స్టార్‌ని దింపండి. ఎడమ వైపు నుంచి మొదలెట్టేవాడు ఒకడు, కుడి వైపు నుంచి ఒకడు ఉండాలన్నది కూడా ఇందుకే. ఇద్దరూ ఒకే వైపు వాళ్ళైతే డిఫెన్స్‌కి పండగే.

బోనస్ దగ్గర ఇంకో లెక్క ఉంది, సీనియర్ కుర్రాళ్ళు కూడా దీన్ని పట్టించుకోరు. ఎదుట ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే బోనస్. ఆ పాయింటుకి మన వైపు ఎవరూ తిరిగి లోపలికి రారు. మనవాళ్ళు నిండుగా ఉన్నప్పుడు బోనస్ హాయి, స్కోరు మెల్లగా పెరుగుతుంది. మనవాళ్ళు ముగ్గురే మిగిలి ఉంటే బోనస్ తెచ్చినా ముగ్గురే, ఆ తర్వాత వాళ్ళ రైడర్ వచ్చి ఇద్దర్ని ముట్టుకుపోతాడు. కాబట్టి కోర్టు ఖాళీ అవుతున్నప్పుడు టచ్ కోసమే వెళ్ళాలి. అనూప్ కుమార్ బోనస్‌లకి పెట్టింది పేరు, 2016 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకి కెప్టెన్, ఆయన పాత మ్యాచ్‌లు చూపించి ఏ బోనస్ ఎప్పుడు తీశాడో, ఎప్పుడు తియ్యకుండా వచ్చేశాడో లెక్క రాయించండి. వీడియోని వేగంగా తిప్పేసి హైలైట్లు చూస్తే ఆ వచ్చేసినవి కనపడవు.

ఎదుట ముగ్గురో ఇద్దరో మిగిలారా, అప్పుడు మన బెంచీలో అందరూ లేచి "అయిపోయింది, ఊడ్చెయ్" అని అరుస్తారు. ఆలౌట్‌కి రెండు పాయింట్లు అదనం, నిజమే. కానీ కోర్టులో ముగ్గురు గానీ అంతకన్నా తక్కువమంది గానీ ఉండి పట్టేస్తే అది సూపర్ ట్యాకిల్, వాళ్ళకి రెండు పాయింట్లు, పైగా మీ మనిషి బయటికి. అక్కడ దూకే రైడర్‌ని పంపకండి, చెయ్యి పొడుగున్నవాడిని, తిరిగొచ్చే తెలివున్నవాడిని పంపండి. ఒక్కడే మిగిలితే అసలు తొందరే లేదు, వాళ్ళ కూత వంతు రాగానే వాడే మన కోర్టులోకి రావాలి. వచ్చాక మన డిఫెన్స్ చూసుకుంటుంది.

ప్రాక్టీస్‌లో ఏం చెయ్యాలి

టో టచ్, హ్యాండ్ టచ్, సైడ్ కిక్ రోజూ ఉండేవే, వాటి గురించి పెద్దగా చెప్పను. నేను ఎక్కువ సమయం పెట్టమనేది పలక ఆట. ఒక పలకో అట్టముక్కో తీసుకుని దాని మీద పరిస్థితి రాయండి: మనం 25, వాళ్ళు 27, మనవాళ్ళు నలుగురు, వాళ్ళు ఆరుగురు, వరసగా ఒక ఖాళీ కూత అయింది, మూడు నిమిషాలుంది. రైడర్‌కి చూపించి "ఏం తెస్తావు రా?" అని అడగండి. వాడు పైకి చెప్పాకే కూత మొదలవ్వాలి. బోనస్ అని చెప్పి టచ్ తెచ్చినా వెనక్కి పంపండి. మొదట్లో విసుక్కుంటారు, "అన్నా, పాయింటు వచ్చిందిగా" అంటారు. వినకండి. చెప్పింది చేసేదాకా తిప్పండి, తర్వాత అంకెలు మార్చి ఇంకొకడిని పంపండి. నెల తిరిగేసరికి పలక చూడగానే మిగతావాళ్ళే బయట నుంచి "వద్దు, ఖాళీగా రా" అనడం మొదలెడతారు. అప్పుడు మీ పని సగం అయినట్టు.

పలక మీద ఆఖరి నిమిషాల లెక్కలు ఎక్కువ రాయండి. నాలుగు నిమిషాలుంటే రెండు జట్లకీ కలిపి ఎనిమిది కూతలు, మనకి నాలుగు. అయిదు పాయింట్లు ముందున్నాం అంటే మన కూతలో 30 సెకన్లూ వాడుకుని రావాలి, పది సెకన్లకే పరిగెత్తుకొచ్చేవాడు ఎదుటివాళ్ళకి మేలు చేస్తున్నాడు. ఇది వినడానికి చాలా చిన్న సంగతి, మ్యాచ్ టెన్షన్‌లో ఒక్కడికీ గుర్తుండదు.

అందరూ డుబ్కి (పట్టేవాళ్ళ చేతుల కింద నుంచి దూరి వచ్చెయ్యడం) నేర్పమంటారు, పర్దీప్ నర్వాల్ పుణ్యమా అని. 2017 ప్రో కబడ్డీలో ఒకే సీజన్లో 369 రైడ్ పాయింట్లు తెచ్చిన మనిషి, పిల్లలకి పిచ్చెక్కడంలో వింతేముంది. డుబ్కి పని చేసేది ఎదుటివాళ్ళు చేతులు పట్టుకుని గొలుసుగా నిటారుగా మీదికి వచ్చినప్పుడు. మడమ పట్టే కార్నర్లున్న టీము మీద తల వంచి కిందకి దూరితే వాళ్ళ చేతుల్లోకి మనమే వెళ్ళినట్టు. పైగా మట్టి గ్రౌండ్‌లో రోజూ డుబ్కి సాధన చేస్తే మోకాలి చిప్పల మీద తోలుండదు. ఒక్కడికి సహజంగా వస్తే వాడిని వదిలెయ్యండి, మిగతావాళ్ళకి వద్దు.

మట్టి మీద ఆడి మ్యాట్ మీదకి వెళ్ళడం మన కాలేజీలకి పెద్ద సమస్య. మట్టిలో ఒట్టి కాళ్ళతో వేళ్ళు నొక్కి తిరిగే కుర్రాడు మ్యాట్ మీద బూట్లతో తిరగబోతే చీలమండ మెలిపడుతుంది. టోర్నమెంట్‌కి కనీసం నెల ముందు నుంచే మ్యాట్ ఉన్న చోటికి వారానికోసారైనా తీసుకెళ్ళండి. ఉత్తరం పీడీ గారి సంతకంతో పెట్టించండి, మీ పేరుతో పెడితే పని కాదు. బూట్లు ముందు రోజు కొనేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు, బొబ్బలెక్కి రెండో మ్యాచ్‌కి కుంటుతారు. మ్యాట్ మీద చెమట పడితే జారుతుంది, బెంచీలో తువ్వాళ్ళు ఉండాలి.

మన ఊళ్ళో ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్నే అయిదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించండి, సాయంత్రమైతే గ్రౌండ్ మీద నీళ్ళు చల్లించాక. వానాకాలంలో గ్రౌండ్ బురదైపోతే ఖాళీ క్లాస్‌రూమ్ దొరికించుకుని వీడియోలు, పలక ఆట కానివ్వండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు ముంచినట్టు ముంచితే ప్రాక్టీస్ ఊసే ఉండదనుకోండి, ఆ టైములో కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సామాన్లు మొయ్యడమే కోచింగ్.

మనుషులతో

స్టార్‌తో విడిగా కూర్చోండి, అందరి ముందూ వద్దు. వాడి కూతలు తగ్గిస్తున్నారంటే తనని తొక్కేస్తున్నారని వాడు అనుకుంటాడు, ఇంటి దగ్గర బాబాయో మావయ్యో అనుకునేలా చేస్తాడు. పుస్తకం తెరిచి వాడు పట్టుబడ్డ వరసలు చూపించండి. వాటిలో ఎక్కువ భాగం వాడు అలిసిపోయి, వరసగా నాలుగోసారో అయిదోసారో వెళ్ళినవే అయ్యుంటాయి. "నీ కూతలు తగ్గవు రా, చెడ్డ కూతలు తగ్గుతాయి" అని చెప్పండి. ప్రో కబడ్డీ రైడర్ పవన్ సెహ్రావత్ 2019లో ఒక్క మ్యాచ్‌లో 39 పాయింట్లు తెచ్చాడని వాడు మీకే ఎదురు చెప్తాడు. చెప్పనివ్వండి. అదే పవన్‌కి 2022 సీజన్ తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది, ఒక్క మనిషి మీద కట్టిన టీము గతి ఏమవుతుందో అప్పుడు మాట్లాడండి.

పీడీ గారితో ఒక్క సంగతి మొదటే తేల్చుకోండి: మ్యాచ్ మధ్యలో రైడర్‌కి చెప్పేది ఎవరు? ఇద్దరూ చెరో మాట అరిస్తే కుర్రాడు రెండూ వినడు. టైమౌట్ 30 సెకన్లే, అందులో పది సెకన్లు నీళ్ళకే పోతాయి. మిగిలినదాంట్లో ఒక్క వాక్యం చెప్పండి, "తర్వాతి రెండూ ఖాళీ, మూడోది నువ్వు" లాంటిది. కోర్టులో ఎవరు వెళ్ళాలో పిలిచేది మాత్రం కెప్టెనే, వాడు సాధారణంగా కార్నర్‌లోనో కవర్‌లోనో ఉంటాడు కాబట్టి పలక ఆటలో వాడినీ కూర్చోబెట్టండి. సైగలు పెట్టుకోవచ్చు, మూడుకి మించి వద్దు.

బరువు కూడా మీ మీదకే వస్తుంది. సీనియర్ మగవాళ్ళకి 85 కిలోలు, ఆడవాళ్ళకి 75 పరిమితి. సర్క్యులర్‌లో ఎంతుందో చూసి నెల ముందే కాంటా ఎక్కించండి. ఆఖరి రోజు నీళ్ళు మానేసి దుప్పటి కప్పుకుని పరిగెత్తే కుర్రాడు కాంటా దగ్గర పాసవుతాడు, కోర్టులో కళ్ళు తిరిగి పడతాడు.

ఇక సంక్రాంతి. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పండక్కి కబడ్డీ పోటీలు ఉండనే ఉంటాయి, నగదు బహుమతులు, మైకులో పేరు, ఊళ్ళో పరువు. వెళ్ళొద్దంటే వెళ్ళరని అనుకోకండి, మీకు చెప్పకుండా వెళ్తారు, అంతే తేడా. అందుకే డిసెంబర్లోనే అడిగి ఎవరు ఏ ఊరికి ఆడుతున్నారో రాసుకోండి. ఫ్లడ్‌లైట్ల కింద, గులకరాళ్ళున్న గ్రౌండ్‌లో, రోజుకి నాలుగైదు మ్యాచ్‌లు ఆడొద్దని చెప్పండి, ఆ ఊరి పెద్దాయన ఫోన్ నంబరు దొరికితే ఆయనకీ ఒక మాట చెప్పించండి. యూనివర్సిటీ జట్టు సెలక్షన్ దగ్గర్లో ఉంటే వాడి తల్లిదండ్రులతోనే మాట్లాడండి, సర్టిఫికెట్ సంగతి కుర్రాడి కంటే వాళ్ళకి బాగా అర్థమవుతుంది. పండగ వెళ్ళాక మొదటి ప్రాక్టీస్‌లో కూతలు పెట్టకండి. అందర్నీ వరసగా నిలబెట్టి బూట్లు, మేజోళ్ళు విప్పించి చీలమండలు, మోకాళ్ళు నొక్కి చూడండి, ఒంటి కాలి మీద గెంతించండి. "ఏం లేదన్నా, చిన్న బెణుకు" అన్నవాడిని ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపండి.